ధాన్యం లేని వేడి జావ: పొద్దున్నే ఐదు నిమిషాల్లో అయ్యేది ఏదైనా ఉందా?

కాకినాడ_కాఫీ | సోమవారం, ఉదయం 6:10

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 67 ఏళ్లు, షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. జీవితమంతా పొద్దున్నే గ్లాసుడు రాగి జావ తాగిన మనిషి. ఈమధ్య టిఫిన్ తర్వాత షుగర్ బాగా పెరుగుతోందని, పొద్దున పూట పిండి పదార్థాలు తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. రెండు వారాలు గుడ్లు, పనీర్ పెట్టాను. తింటున్నారు గానీ మొహంలో కళ లేదు. "గొంతులోకి వేడిగా ఏదైనా జారితే గానీ నాకు తెల్లారినట్టు ఉండదమ్మా" అంటారు.

ఇంగ్లీషు వీడియో ఒకటి చూసి బాదం పిండి, దాల్చిన చెక్క, వెనీలా వేసి ఏదో కాచి ఇచ్చాను. రెండు చెంచాలు తాగి, "ఇది కేకు పిండా అమ్మా, ఇంకా ఓవెన్లో పెట్టలేదా?" అన్నారు. మళ్ళీ దాని జోలికి పోలేదు.

బియ్యం, గోధుమ, ఓట్స్, రాగి ఏదీ వద్దు. నేను 7:15కి బస్సెక్కాలి, కాబట్టి ఎక్కువ పని ఉండకూడదు. ఎవరైనా చేస్తున్నారా?

మిల్లెట్_మురళి | సోమవారం, ఉదయం 6:48

రాగి పడకపోతే కొర్ర జావ, అండుకొర్ర జావ ఇవ్వండి. సిరిధాన్యాలు షుగర్ ఉన్నవాళ్లకి అమృతం. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది, ఊరికే కాదు కదా.

లెక్కల_మాస్టారు | సోమవారం, ఉదయం 7:30

మురళి గారూ, ఆవిడ అడిగింది ధాన్యం వద్దని. మీరు చెప్పినదాని పేరులోనే ధాన్యం ఉంది!

చిరుధాన్యాలు చెడ్డవని నేను అనను. కానీ లెక్క చూడండి. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పదార్థాల పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో సుమారు 67 గ్రాములు, జొన్నల్లో 68, సామల్లో 65, సజ్జల్లో 62 గ్రాముల పిండి పదార్థం ఉంది. ఇది పీచు తీసేశాక మిగిలిన లెక్క. మూడు చెంచాల రాగి పిండి అంటే 30 గ్రాములు. అందులో 20 గ్రాములు పిండి పదార్థమే. బెల్లం ముక్క పడిందా, 30 దగ్గరికి పోతుంది.

ఇంకో సంగతి. అదే రాగిని రొట్టెగా తింటే ఒకలాగా ఉంటుంది, మెత్తగా విసిరి నీళ్లలో ఉడికించి తాగితే ఇంకోలాగా ఉంటుంది. మెత్తటి పిండి నీళ్లలో ఉబ్బి జిగురు పట్టాక దాన్ని అరిగించడానికి కడుపుకి పెద్ద పని ఉండదు. అందుకే జావ తాగిన గంటకే మీటరు ఎగురుతుంది.

మిల్లెట్_మురళి | సోమవారం, ఉదయం 7:41

మా తాత 91 ఏళ్లు బతికాడు, రోజూ అంబలే తాగాడు.

లెక్కల_మాస్టారు | సోమవారం, ఉదయం 7:44

మీ తాతగారు అంబలి తాగి నాగలి పట్టారు. మనం అంబలి తాగి సోఫాలో కూర్చుంటున్నాం.

శంకరపల్లి_సుజాత | సోమవారం, మధ్యాహ్నం 1:15

కాకినాడ అక్కా, మీ నాన్నగారికి కేకు పిండిలా అనిపించడంలో తప్పేం లేదు. మనం చిన్నప్పటి నుంచి తాగిన జావ ఉప్పుది, మజ్జిగ పోసింది, ఉల్లిపాయ నంజుకుని తాగింది. దాని బదులు దాల్చిన చెక్క వాసన వచ్చేది ఇస్తే నాలుక ఒప్పుకుంటుందా? మా ఇంట్లో మా ఆయనకోసం నేను ఏడాదిగా చేస్తున్నది చెప్తాను.

ముందు పొడి. అవిసె గింజలు ఒక గ్లాసు, పల్లీలు అర గ్లాసు, నువ్వులు పావు గ్లాసు, ఎండు కొబ్బరి తురుము పావు గ్లాసు, జీలకర్ర ఒక చెంచా. అన్నీ విడివిడిగా వేయించాలి. అవిసె గింజలు సన్న సెగ మీద చిటపటలాడటం మొదలయ్యాక ఇంకో నిమిషం చాలు, నల్లబడితే చేదెక్కుతాయి. కొబ్బరిని స్టవ్ ఆపేశాక ఆ మూకుడు వేడికే వేసి తిప్పండి. పూర్తిగా చల్లారాక మిక్సీ చిన్న జారులో ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. (నాకు మొదటిసారి అదే అయింది. చట్నీలా తినేశాం.)

పొద్దున మూడు పెద్ద చెంచాల పొడిని ముందు కాసిని చల్లటి నీళ్లలో ఉండ లేకుండా కలపాలి, రాగి పిండి కలిపినట్టే. గ్లాసుడు నీళ్లు మరుగుతుండగా అది పోసి, ఉప్పు వేసి, ఒకటి రెండు నిమిషాలు తిప్పితే చిక్కబడుతుంది. దించి కాస్త ఆగి, అర గ్లాసు మజ్జిగ పోయండి. మరుగుతుండగా మజ్జిగ పోస్తే విరిగిపోతుంది. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు. పక్కన మామిడికాయ ఊరగాయ ముక్క.

మా అత్తమ్మ అవిసె కారప్పొడి చేసేది. దాని వాసనే దీనికీ వస్తుంది. అందుకే మా ఇంట్లో ఎవరూ దీన్ని కొత్త వంట అనుకోలేదు.

విజయనగరం_వాణి | సోమవారం, మధ్యాహ్నం 2:02

అవిసె అంటే చెట్టు కదండీ? ఆకు కూర వండుకుంటాం, పెద్ద పెద్ద తెల్ల పూలు పూస్తుంది. దాని గింజలేనా?

శంకరపల్లి_సుజాత | సోమవారం, మధ్యాహ్నం 2:20

కాదు వాణి గారూ, ఆ అవిసె చెట్టు వేరు, ఈ అవిసె మొక్క వేరు. పేరొక్కటే ఒకటి. కిరాణా కొట్లో ఫ్లాక్స్ సీడ్స్ అని అడగండి, గోధుమ రంగులో నిగనిగలాడుతూ, నువ్వుల కంటే కాస్త పెద్దగా, చదునుగా ఉంటాయి.

డాలస్_వదిన | సోమవారం, రాత్రి 9:30

ఇక్కడ మాకు పొద్దున. సుజాత చెప్పింది బాగుంది గానీ, తీపి ఇష్టపడే వాళ్లకి నాదొకటి. మా ఇంట్లో పిల్లలు కూడా తాగుతారు.

ఒక కప్పు పంచదార లేని కొబ్బరి పాలు, రెండు చెంచాల బాదం పొడి, ఒక చెంచా చియా గింజలు, చిటికెడు ఉప్పు. సన్న సెగ మీద పొంగు రాబోయే ముందు దించాలి. ఒక గుడ్డు గిన్నెలో గిలకొట్టి, అందులోకి రెండు గరిటెల వేడి పాలు సన్న ధారగా పోస్తూ తిప్పి, ఆ తర్వాత దాన్ని అసలు గిన్నెలోకి పోసి మళ్ళీ సన్న సెగ మీద రెండు నిమిషాలు. గుడ్డు నేరుగా వేడి పాలలో వేశారంటే గుడ్డు పొరటు తేలుతుంది, ముందే చెప్తున్నా. ఏలకుల పొడి కాస్త ఎక్కువ వేస్తే గుడ్డు వాసన తెలీదు. సేమ్యా లేని సేమ్యా పాయసంలా ఉంటుంది. తీపికి నేను స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి) రెండు చుక్కలు వేస్తాను. ఎక్కువైతే నాలుక మీద చేదు మిగులుతుంది.

పల్లీచట్నీ | సోమవారం, రాత్రి 10:05

వదినా, బాదం కిలో రేటు ఇక్కడ చూశారా? రోజూ తాగితే జావకే ఈఎంఐ కట్టాలి. నా ఓటు సుజాత గారి పల్లీలకే.

కాకినాడ_కాఫీ | గురువారం, రాత్రి 8:50

సుజాతా, పొడి చేశాను. వాసన అద్భుతం. కానీ రెండు రోజులూ నాన్నగారు సగం వదిలేశారు. బెండకాయ పులుసు అడుగున జిగురు మిగులుతుందే, అచ్చం అలా సాగుతోందట. ఎక్కడ తప్పు చేశానో అర్థం కావట్లేదు, కొలతలన్నీ నువ్వు చెప్పినవే. గూగుల్లో చూస్తే అవిసెలో 100 గ్రాములకి 29 గ్రాముల కార్బ్స్ (పిండి పదార్థాలు) అని ఉంది, అదొక టెన్షన్.

శంకరపల్లి_సుజాత | గురువారం, రాత్రి 9:12

అక్కా, కాచిన ఎంతసేపటికి తాగుతున్నారు?

కాకినాడ_కాఫీ | గురువారం, రాత్రి 9:15

నేను 6:45కి కాచి మూతపెట్టి వెళ్తాను. ఆయన పూజ అయ్యేసరికి 8 అవుతుంది.

శంకరపల్లి_సుజాత | గురువారం, రాత్రి 9:31

దొరికింది! అవిసె జావ ఆగే కొద్దీ బిగుస్తూ పోతుంది. గంటన్నర ఉంచితే జిగురు కాక ఏమవుతుంది? కాచిన పది నిమిషాల్లో తాగెయ్యాలి. అదీ పలచగా ఉన్నప్పుడే దించాలి, గ్లాసులోకి వచ్చాక అదే చిక్కబడుతుంది.

మీకు కుదరదు కాబట్టి ఇలా చేయండి. ఫ్లాస్కులో మరిగిన నీళ్లు పోసి పెట్టండి. గ్లాసులో పొడి, ఉప్పు వేసి మూతపెట్టండి. పూజ అయ్యాక ఆయనే రెండు చెంచాల మామూలు నీళ్లతో తడిపి, ఫ్లాస్కు నీళ్లు పోసి తిప్పుకుంటారు. పల్లీలూ అవిసెలూ వేయించినవే కాబట్టి స్టవ్ మీద ఉడకాల్సిన పని లేదు. మజ్జిగ పక్కన. అవిసెలు కూడా తగ్గించండి. గ్లాసు బదులు ముప్పావు గ్లాసు వేసి, ఆ తగ్గింది కొబ్బరితో నింపండి.

లెక్కల_మాస్టారు | గురువారం, రాత్రి 9:40

ఆ 29 సంగతి నేను చెప్తాను. మీరు చూసింది అమెరికా వాళ్ల లెక్క. వాళ్లు పీచును కూడా కలిపి మొత్తం కార్బ్స్‌గా రాస్తారు. ఆ 29లో 27 పీచే. అది గ్లూకోజ్‌గా మారదు. మన తార్నాక పట్టికల్లో పీచు వేరే గడిలో ఉంటుంది. అందుకే రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. నాకూ మొదట్లో ఇదే తికమక.

కోనసీమ_కుర్రాడు | శుక్రవారం, ఉదయం 6:20

కొబ్బరి మాట వచ్చింది కాబట్టి నేనూ దిగుతున్నా. మాది అమలాపురం పక్కన. మా అమ్మ కొబ్బరి పాలు తీశాక మిగిలిన పిప్పిని పారేయదు. పల్చగా పరిచి రెండు రోజులు ఎండలో పెట్టి మిక్సీ పడుతుంది. పట్నంలో అదే కోకోనట్ ఫ్లోర్ అని పేరు మార్చి అమ్ముతున్నారు, రేటు చూసి మా అమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. జావలో అవిసె జిగురు తగ్గాలంటే ఒక చెంచా ఇది వేయండి, కాస్త రవ్వ రవ్వగా తగులుతుంది. కానీ నీళ్లు భలే తాగేస్తుంది. ఒక చెంచాకి అదనంగా కనీసం పావు గ్లాసు నీళ్లు పోయాలి, లేకపోతే చెంచా నిలబడుతుంది.

మందులషాపు_బాబాయ్ | శుక్రవారం, మధ్యాహ్నం 3:00

అందరూ రుచి గురించి మాట్లాడుతున్నారు, మందుల గురించి ఒక్కరూ అడగలేదు. కాకినాడ అమ్మాయ్, మీ నాన్న ఏ మాత్రలు వేసుకుంటున్నారు?

కాకినాడ_కాఫీ | శుక్రవారం, సాయంత్రం 6:35

మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ బాబాయ్ గారూ. ఈ జావ ఇప్పుడు అమ్మ కూడా మొదలుపెట్టింది. ఆవిడకి థైరాయిడ్ మాత్ర.

మందులషాపు_బాబాయ్ | శుక్రవారం, రాత్రి 7:20

అనుకున్నాను. జాగ్రత్తగా చదువు.

మెట్‌ఫార్మిన్‌తో పెద్ద భయం లేదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. నువ్వు తిండి పెట్టినా పెట్టకపోయినా అది ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. నిన్నటిదాకా 30 గ్రాముల పిండి పడే కడుపులో ఇవాళ నాలుగు గ్రాములు పడితే షుగర్ మరీ కిందికి పోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఆ ఒక్కసారికి డైట్ పక్కన పెట్టు. ఇన్సులిన్ తీసుకునే వాళ్లకీ ఇదే మాట. నువ్వుగా మాత్ర మానెయ్యకు, డోసు తగ్గించకు. ఇలా టిఫిన్ మార్చామని డాక్టరుకి ఫోన్ చేసి చెప్పు, ఆయన చూసుకుంటారు.

ఇది చదివే మిగతా వాళ్లకి: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా పిండి పదార్థాలు బాగా తగ్గించకూడదు. మీటర్లో షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది.

ఇక అమ్మ. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. పీచు ఎక్కువున్న జావ వెంటనే తాగితే మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. కనీసం గంట ఆగమను. మా కొట్టుకొచ్చే వాళ్లలో సగం మంది మాత్రా కాఫీ ఒకే గుక్కలో వేసుకుని, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్షలో వచ్చే అంకె) ఎందుకు తగ్గట్లేదని నన్ను అడుగుతారు!

కొత్తపేట_కీర్తి | శనివారం, ఉదయం 10:10

ఇవన్నీ ఎవరు వేయిస్తారు అనుకుని నేను ఆన్‌లైన్‌లో ఒక రెడీ మిక్స్ తెప్పించా. పేరు చెప్పను. ముందు వైపు పెద్ద అక్షరాలతో "ధాన్య రహితం, పంచదార కలపలేదు". వెనక్కి తిప్పితే మొదట మఖానా పొడి, తర్వాత ఖర్జూరం పొడి, ఆ తర్వాత మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండి నుంచి తీసి, ఒంట్లో ఇట్టే గ్లూకోజ్‌గా మారే పొడి. వాళ్లు రాసింది అబద్ధం కాదు. మఖానా ధాన్యం కాదు, ఖర్జూరం పంచదార కాదు! నేనే వెర్రిదాన్ని.

పల్లీచట్నీ | శనివారం, ఉదయం 10:32

అయితే మఖానా మంచిది కాదా? అందరూ తినమంటున్నారు. సగ్గుబియ్యం కూడా ధాన్యం కాదు కదా, ఉపవాసాల్లో తింటాం.

లెక్కల_మాస్టారు | శనివారం, ఉదయం 11:00

ధాన్యం కాకపోవడం వేరు, పిండి లేకపోవడం వేరు. సగ్గుబియ్యం కర్రపెండలం నుంచి తీసిన పిండి. 100 గ్రాములు తీసుకుంటే 85 గ్రాములకి పైగా పిండే, బియ్యం కంటే ఎక్కువ. మఖానాలో కూడా మూడింట రెండొంతులకి తగ్గకుండా పిండే. నాలుగు వేయించుకుని తింటే ఏం కాదు, గ్లాసుడు జావ కాస్తేనే తేడా. రాజ్‌గిరా (తోటకూర జాతి గింజలు), క్వినోవా కూడా గడ్డి జాతి కాదు కాబట్టి ధాన్యం కాదంటారు, కానీ వాటిలోనూ పిండి సగానికి పైమాటే. ఉపవాసానికి పనికొచ్చేవన్నీ షుగర్‌కి పనికిరావు.

శంకరపల్లి_సుజాత | శనివారం, ఉదయం 11:25

ఇంకో మాట మర్చిపోయా. పొడి ఒకేసారి నెలకి సరిపడా చేయకండి. అవిసె గింజ గింజగా ఉన్నంత కాలం నెలలు ఆగుతుంది, పొడి కొట్టాక గాలి తగిలి నూనె పాతబడుతుంది. వారం పది రోజులకి సరిపడా చేసి గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. పెయింటు వాసన వచ్చిందంటే పారేయడమే. గింజలు పొడి చేయకుండా మింగితే మాత్రం లోపలికి వెళ్లినవి వెళ్లినట్టే బయటికొస్తాయి.

మిల్లెట్_మురళి | శనివారం, మధ్యాహ్నం 12:15

సరే, చేసి చూశాను. మజ్జిగ పోసిన తర్వాత ఫర్వాలేదు. ఉల్లిపాయ కొరుకుతూ తాగితే అంబలి దగ్గరికి వచ్చింది. కానీ రాగి రాగే.

కాకినాడ_కాఫీ | తర్వాతి బుధవారం, రాత్రి 9:05

రిపోర్టు ఇస్తున్నా.

ఫ్లాస్కు పద్ధతి కుదిరింది. కోనసీమ తమ్ముడు చెప్పిన కొబ్బరి పిప్పి ఒక చెంచా వేశాను, జిగురు దాదాపు పోయింది. నాన్నగారు పూజ గదిలోంచే "ఫ్లాస్కు నిండా నీళ్లున్నాయా?" అని అడుగుతున్నారు. పొడి తడపడం, తిప్పడం అన్నీ ఆయనే. నిన్న అమ్మకి కూడా కలిపి ఇచ్చారట, 45 ఏళ్ల కాపురంలో మొదటిసారి అని అమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది.

బాబాయ్ గారు చెప్పినట్టు డాక్టరుగారికి ఫోన్ చేశాను. గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించి వారం పాటు రీడింగులు రాసి తెమ్మన్నారు. రాగి జావ తాగిన రోజుల్లో రెండు గంటలకి 210, 220 ఉండేది. ఈ ఐదు రోజుల్లో 140కి 155కి మధ్యలో వస్తోంది. ఒకరోజు 190 వచ్చింది. ఏంటా అని అడిగితే, పక్కింటి వాళ్ల గృహప్రవేశం లడ్డూ బయటపడింది.

లెక్కల_మాస్టారు | బుధవారం, రాత్రి 9:30

చాలా సంతోషం. లడ్డూని జావ ఖాతాలో రాయకండి!

ఒక్కటి చూసుకోండి. సుజాత గారి మూడు చెంచాలు అర గ్లాసు మజ్జిగతో కలిపి నా లెక్కలో సుమారు 180 కేలరీలు, పీచు పోగా మూడు నాలుగు గ్రాముల పిండి, ఏడు గ్రాముల ప్రోటీన్ వస్తాయి. 67 ఏళ్ల మనిషికి పొద్దున ఏడు గ్రాముల ప్రోటీన్ చాలదు, కండ కరుగుతుంది. జావతో పాటు ఒకటో రెండో ఉడకబెట్టిన గుడ్లు ఇవ్వండి. ఇప్పుడు విసుక్కోకుండా తింటారు లెండి, జావ పడింది కదా. అలాగని ఆకలేస్తోందని జావ పొడి ఆరు చెంచాలు చేయకండి. అంతా నూనె గింజలే, కేలరీలు రెట్టింపవుతాయి. అలవాటు లేని కడుపు ఉబ్బుతుంది కూడా. మిగతా రోజంతా నీళ్లు బాగా తాగమనండి.

డాలస్_వదిన | గురువారం, ఉదయం 5:15

మైక్రోవేవ్‌లో చేసేవాళ్లకి చిన్న సలహా: ఎప్పుడూ పెద్ద గిన్నెలోనే చేయండి. అవిసె కలిపిన నీళ్లు ఇట్టే పొంగుతాయి. ఆఫీసు మైక్రోవేవ్ కడిగిన అనుభవంతో చెప్తున్నా.

కాకినాడ_కాఫీ | గురువారం, రాత్రి 8:20

వచ్చే వారం అమ్మానాన్న తిరుపతి వెళ్తున్నారు. రైల్లో వేడి నీళ్లు ఎలాగో దొరుకుతాయి, పొడి డబ్బాలో కట్టిస్తాను. మజ్జిగే సమస్య. మజ్జిగ లేకపోతే తాగనంటున్నారు.

శంకరపల్లి_సుజాత | గురువారం, రాత్రి 8:41

పొడిలోనే ఉప్పు, మిరియాల పొడి, కాస్త శొంఠి, చిటికెడు ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి) కలిపి మూడు చెంచాల చొప్పున పొట్లాలు కట్టండి అక్కా. పులుపు తగిలితే మజ్జిగ లేని లోటు తెలీదు. పక్కన నంజుకోవడానికి నాలుగు చల్ల మిరపకాయలు వేయించి పెట్టండి.

కోనసీమ_కుర్రాడు | గురువారం, రాత్రి 8:55

చల్ల మిరపకాయలు నాలుగు సరిపోవండి. రైల్లో పక్క సీటు వాళ్లు కూడా అడుగుతారు.